టేపు దర్జీని ఎవరు అమ్మారు

మా ఐదుగురు వీరులూ దొంగసొమ్మే. ముందే ఒప్పేసుకుంటే నాకు నయం. నాందేడ్‌లో మాకంటే ముందు నుంచీ పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తున్నవాళ్లు ఇంకొకరున్నారు. వాళ్ల జట్టులో ఒకడు ఎగురుతాడు, ఒకడు కొండనెత్తుతాడు, ఒకడి చేతుల్లోంచి మంటలొస్తాయి, ఒకమ్మాయి మాయమైపోతుంది, ఒక ముసలాయన ఎదుటివాళ్ల మనసు చదువుతాడు. నేను ఎనిమిదిలోనే బడి మానేసినవాణ్ణి. పక్కవాడిది చూసి రాయడం మాత్రం అప్పటికే బాగా వచ్చు.

ఎగిరేవాణ్ణి రైలు పెట్టెల మీద పరుగెత్తేవాణ్ణి చేశాను. కొండనెత్తేవాడు పత్తి బేళ్లు మోసే హమాలీ అయ్యాడు. మంటల చేతులవాడు మరిగే నూనెలో చెయ్యి పెట్టి మిర్చి బజ్జీలు తీస్తాడు. మాయమయ్యే అమ్మాయి మా దగ్గర కరెంటు పోతేనే కనిపిస్తుంది. ముసలాయన బస్సు కండక్టరు. ఎవరు చిల్లర దాచుకుని లేదంటున్నారో చూడకుండానే చెప్పేస్తాడు. మరాఠీలో పలచటి పుస్తకం, నెలకొక వీరుడు. కథ నాది, బొమ్మలు నా దోస్తువి. అతను రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగువాడు. నేను నోటితో కథ చెబుతుంటే పడిపడి నవ్వుతూ గీసేవాడు. అతను లేకపోతే నా పుస్తకం లేదు. నేను గీస్తే స్కేలు పెట్టిన గీత కూడా వంకరే.

మా కండక్టరు ఇంకా అచ్చుకాకముందే అవతలివాళ్ల పుస్తకంలో టికెట్ల సంచీ వేసుకుని దిగాడు. దొంగిలించి తెచ్చుకున్నదాన్ని ఇంకొకడు దొంగిలిస్తే కోపం రెండింతలుంటుంది. నన్నడిగి తెలుసుకోండి.

ఎవరు చెప్పారు? మేము కథలు మాట్లాడుకునేది ప్రెస్సు వెనక గదిలో. అక్కడ ఉండేది ముగ్గురం: నేను, దోస్తు, అచ్చైన కాగితాలు మడతపెట్టే అక్క. ఆమె పొద్దున మా దగ్గర, మధ్యాహ్నం అవతలివాళ్ల దగ్గర పనిచేస్తుంది. అందుకే ఆమెతో మరాఠీ, ఆమె ముందు మాలో మేము తెలుగు. తెలుగును తాళంకప్పలా వాడాం. తెలుగు రాని ఆమెను లెక్కలోంచి తీసేస్తే మిగిలింది ఒక్కడే.

ఇక కనిపెట్టడం మొదలుపెట్టాను. అతని చేతిలో కొత్త బ్రష్షులు. ఫోను రాగానే గది బయటికి వెళ్లడం.

"ఎవల్రా?" అంటే "ఇంట్లకెల్లి" అనేవాడు. ఇంట్లోవాళ్లతో అంత మెత్తగా ఎవరు మాట్లాడతారు?

చివరికి ఆ గదిలోనే ఒక ఎర వేశాను. టేపు దర్జీ. ఉమ్రి స్టేషన్లో నిలబడి టేపు విసిరితే ఎక్కడో ముఖేడ్‌లో ఉన్న దొంగ నడుముకు చుట్టుకుంటుంది, పనిలో పనిగా కొలత కూడా తీసుకుంటుంది. "ఇప్పుడే గీయకు, కడుపుల పెట్టుకో" అన్నాను. అతను కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నెల తిరిగేసరికి టేపు దర్జీ అవతలివాళ్ల అట్ట మీదున్నాడు. మీసం ఒక్కటే వాళ్లది.

పుస్తకం తెచ్చి అతని బల్ల మీద పడేశాను.

"ఏంరా, బొమ్మలు ఈడ, కథలు ఆడ. మస్తు నౌకరి పట్టినవ్."

"నేనా?"

"కాదు, మీ తాత. గిది నీకు తప్ప ఇంకెవలికి చెప్పిన?"

అతను నోరు తెరిచేలోపే కాగితాల గుట్ట వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. తెలుగులో.

"ఆయన్నెందుకు తిడ్తవ్ తమ్మీ? నేనే చెప్పిన."

నేను గుట్ట వెనక్కి తొంగిచూశాను.

"నీకు తెలుగస్తదా అక్కా?"

"మాది బార్డర్ మీది ఊరు. ఇంట్ల తెలుగే. నువ్వెన్నడన్న అడిగినవా?"

"మరి వాళ్లకెందుకు చెప్పినవ్?"

"పొద్దుందాక మడతలేస్తే నిద్రస్తది. నీ కథలు చెప్తే ఆడ పనోళ్లు నవ్వుతరు. నువ్వు చెప్పేది నవ్వనీకె కాదా?"

ఈ ఊళ్లో పుట్టి, బజారులో మూడు భాషల్లో బేరమాడే నేను, అందులో తెలుగు పక్కవాళ్లకు రాదనుకున్నాను. తెలివితేటలు చూడండి! నవ్వేసి దోస్తు భుజం మీద చెయ్యేశాను. "నడువ్, చాయ్ తాగుదం." అతను చెయ్యి తీసేశాడు.

"మనం వాళ్ల ఐదుగురిని ఎత్తుకచ్చినప్పుడు, ఆడ ఎవల్ని గిట్ల నిలబెట్టి అడిగిన్రో" అన్నాడు. సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చి కూర్చున్నాడు. నేను కథ ఎత్తుకోబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.

"నోటితోని వద్దు. కాయితం మీద రాసియ్యి. తారీఖేసి సంతకం పెట్టు. రేపు ఏదన్న పోతే నన్నడగకు."

అప్పటి నుంచి రాసిస్తున్నాను. "ఏంది తమ్మీ, కథలు బంద్ జేసినవా?" అని అక్క అడుగుతూనే ఉంటుంది. దోస్తు కాగితం తీసుకుని, బ్యాంకు చెక్కు చూసినట్టు పైనుంచి కిందికి చదివి, పెన్సిల్ అందుకుంటాడు. నవ్వొచ్చే చోటికి అతను చేరేసరికి నేను అతని పెదవులకేసే చూస్తుంటాను. నవ్వు రాక నవ్వడం లేదో, వచ్చిందాన్ని ఆపుకుంటున్నాడో ఇంతవరకు తేల్చుకోలేకపోయాను.