రాధారాణి రెండు చాకులు

అమెరికాలోని అరోరాలో పెళ్లి మండపాలకు పూల అలంకరణ చేసే రాధారాణి దగ్గర ఎప్పుడూ రెండు చాకులుంటాయి. ఎడమ జేబులోది టేకు పిడి ఉన్న పాత మడత చాకు. కడియం నర్సరీలో వాళ్ల పిన్ని ఏళ్ల తరబడి గులాబీలకు అంట్లు కట్టింది దానితోనే. రాధారాణికి పెళ్లయి అమెరికా వస్తుంటే చీరల మడతల్లో పెట్టి పంపించింది. రెండు చేతులూ పెడితే గాని తెరుచుకోదు గాని, అరిగి సన్నబడ్డ ఆ బ్లేడు పువ్వు కందకుండా దండలో దారం తెంపగలదు.

కుడి జేబుకి క్లిప్పుతో వేలాడేది కొత్త రకం. నల్లగా ఉంటుంది. బొటనవేలితో తోస్తే ఒంటి చేత్తో తెరుచుకుని, మళ్లీ వేళ్ల మీదికి మడత పడకుండా బిగుసుకుంటుంది. నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో పరదా, ఒక చేత్తో కత్తెర పట్టుకుని నానా అవస్థా పడ్డాక హార్డ్‌వేర్ షాపుకెళ్లి ఏరి కొనుక్కుంది.

"రెండెందుకు రాధా? ఒకటి చాలదూ?" అని భర్త భాస్కర్ అప్పుడప్పుడూ అంటాడు.

"మీకు కళ్లజోళ్లు రెండెందుకండీ? చదువుకోవడానికొకటి, డ్రైవ్ చేయడానికొకటి. ఇదీ అంతే."

చీర కట్టిన రోజున కూడా నడుముకో చిన్న సంచీ తగిలించి, రెండూ అందులో వేసుకుంటుంది. విమానం ఎక్కే రోజున మాత్రమే ఇంట్లో వదులుతుంది. ఆ రోజంతా ఏదో మరిచిపోయినట్టే ఉంటుంది ఆమెకి.

వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివి వచ్చిన మనిషికి ఇక్కడ మొదట్లో పనిచేసే వీల్లేకపోయింది. వీసా అలాంటిది. ఇరుగుపొరుగు వ్రతాలకి దండలు గుచ్చి ఇచ్చేది. వర్క్ పర్మిట్ వచ్చిన వెంటనే వ్యాన్ కొంది. ఇప్పుడు పక్క ఊరు నేపర్‌విల్ దాకా పెళ్లంటే ముందు ఆమె డేట్లు చూసుకునే ఇళ్లున్నాయి.

కిందటేడు వేసవిలో, చెరువు పక్కనున్న ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. పొద్దున్నే పూలబుట్టలతో వెళ్తే, గుమ్మంలో సెక్యూరిటీ మనిషి వెర్నన్ ఆమె జేబుకున్న క్లిప్పు చూసి ఆపాడు. లోపలికి కత్తులు తీసుకెళ్లనివ్వనన్నాడు. రాధారాణి వాదించలేదు. రెండూ తీసి బల్ల మీద పెట్టింది. అతను టేకు పిడి చాకుని అటూ ఇటూ తిప్పి, ఇది పెన్సిల్ చెక్కుకునేదిలా ఉంది, ఉంచుకోండి అన్నాడు.

"రెండింట్లో పదునైంది అదే," అంది ఆమె ఇంగ్లీషులో. అతను నవ్వాడు గాని నల్లచాకు తిరిగివ్వలేదు.

"సరే, మీ డ్యూటీ మీరు చేయండి. కానీ దాన్ని డెస్కులో పడేయకండి. మీ జేబులోనే ఉంచండి. అవసరమైతే అడుగుతాను."

అవసరం పడనే పడింది. పెళ్లికొడుకు రుత్విక్ తెల్లగుర్రం మీద, డోలు మోతలో వస్తున్నాడు. చెరువు మీంచి ఒక్కసారిగా గాలి విసిరింది. లైటింగ్ వాళ్లు నిలబెట్టిన స్వాగత ద్వారం మీది వలగుడ్డ, బ్యాటరీ లైట్ల తీగతో సహా ఊడి, వెళ్లి గుర్రం ముందుకాలికి చుట్టుకుంది. గుర్రం బెదిరి వెనక్కి లాగింది. ఆ లాగుడుకి ద్వారం జనం మీదికి ఒరిగింది. గుర్రాన్ని తెచ్చిన అమ్మాయి కళ్లెం వదలకుండా వేలాడుతోంది. డోలు ఆగిపోయింది.

రాధారాణి ఒక్క అంగలో వెళ్లి, ఒరుగుతున్న ఇనుప స్తంభానికి భుజం ఆనించి ఎడమచేత్తో పట్టేసింది. ఇంకో చెయ్యే ఖాళీ. ఒంటిచేత్తో టేకు చాకు తెరుచుకోదు.

"వెర్నన్, నా చాకు."

అతను పరుగున వచ్చి అరచేతిలో పెట్టాడు. బొటనవేలితో తోసింది. గుడ్డ ఒక వేటుకి, తీగ రెండో వేటుకి తెగాయి. లాగుడు పోయేసరికి స్తంభం నిలదొక్కుకుంది. వెర్నన్ వచ్చి దాన్ని పట్టుకున్నాడు.

గుర్రం కాలికి మాత్రం ఇంకా వలగుడ్డని కట్టిన నైలాన్ తాడు ముక్క ఒకటి బిగుసుకుని, చర్మంలోకి కోసుకుపోతోంది. నల్లచాకు మెరుపు చూసి గుర్రం మళ్లీ తల విసిరింది. రాధారాణి దాన్ని మడిచేసి, కింద కూర్చుని, రెండు చేతులా పిన్ని చాకు తెరిచింది. వెన్ను చర్మం వైపు, పదును బయటికి ఉండేలా తాడు కిందికి మెల్లగా జొనిపి పైకి లేపింది. తాడు తెగింది. గుర్రం బుస్సుమని ఊపిరి వదిలింది.

పైనుంచి రుత్విక్, "ఆంటీ, నేను దిగొచ్చా?" అన్నాడు.

"దిగు నాన్నా. నడిచి రా. పెళ్లికూతురేమీ అనుకోదు."

కూతురు హంసిక వ్యాన్ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నీ షోల్డర్ బ్లీడ్ అవుతుంది."

అప్పుడు గాని రాధారాణి స్తంభం గీరుకున్న భుజాన్ని చూసుకోలేదు. మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగింది. పెళ్లికూతురి తండ్రి కొండల్ రావు కంగారుగా వచ్చాడు.

"ముహూర్తం దాటిపోతదేమోనమ్మా."

"దాటదు అన్నయ్యగారూ. పూల సంగతి నేను చూస్తా, ముహూర్తం సంగతి పంతులుగారు చూస్తారు," అంటూ లేచింది. నలిగిన దండలు విప్పి, బాగున్న పూలు ఏరి మళ్లీ గుచ్చింది. తాళి వేళకే కట్టారు.

భోజనాలయ్యాక వెర్నన్ వచ్చి, మొహమాటపడుతూనే చాకు కోసం చెయ్యి చాపాడు. రూల్ రూలే, వెళ్లేటప్పుడు ఇస్తానన్నాడు. రాధారాణికి కోపం రాలేదు సరికదా, ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. నల్లచాకు ఇచ్చేసింది.

అతను ఊరుకోలేదు. జరిగిందంతా మేనేజర్‌తో చెప్పాడు. వారం తిరక్కుండా ఆమెకి ఫోన్ వచ్చింది. పనివాళ్ల పనిముట్లు ఇకపై అనుమతిస్తామని, బయట కట్టే ద్వారాలు గట్టిగా ఉన్నాయో లేదో ఊరేగింపుకి ముందు ఆమే చూసి చెప్పాలని అడిగారు. ఇప్పుడు ఆ హాల్లో గాలి ఉన్న రోజున, రాధారాణి స్తంభాలు ఊపి చూసి సరేనంటేనే పెళ్లికొడుకు గుర్రం కదులుతుంది.