అమ్మను ఇల్లు చేర్చిన ఊరు

మా ఊళ్లో అమ్మ కూరగాయలకని వెళితే ఒక పట్టాన తిరిగి వచ్చేది కాదు. దారి పొడుగునా ఆపేవాళ్లే. ఒకరింట్లో కాఫీ, ఇంకొకరింట్లో కొత్త కోడలిని చూడడం, ఏదో ఒక అరుగు మీద కూర్చుని ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో కనుక్కోవడం. నెల్లూరు దగ్గర చిన్న ఊరు మాది. నాన్న పోయాక కూడా అక్కడే ఉంటానంది అమ్మ. అంతమంది మధ్య ఆమెకేం దిగులని నేనూ అనుకున్నాను.

కిందటి వానాకాలం జారిపడి అమ్మ చెయ్యి విరిగింది. చెన్నై మైలాపూరులో నేనుండే ఫ్లాటుకు తీసుకొచ్చాను.

ఒక శనివారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి వీధి తలుపు తెరిచి ఉంది. అమ్మ లేదు. ఎవరో పెద్దావిడ బయటికి పోయిందన్నాడు వాచ్‌మన్. ఆవిడే మా అమ్మ అని అతనికి తెలియదు. ఫోనులో ఫొటో చూపిస్తూ, నాకొచ్చిన నాలుగు తమిళం ముక్కలతో కొట్టుకొట్టునా అడిగాను. అందరూ మర్యాదగానే చూసి తల అడ్డంగా ఊపారు. సాయం రమ్మని పిలవడానికి ఆ వీధిలో నాకు ఒక్క మనిషి లేడు.

మధ్యాహ్నానికి కనిపించింది, రైలు స్టేషన్ మెట్ల దగ్గర, పూలమ్మే ఆవిడ పక్కన.

“నీ తల్లేనామ్మా? తెలుగు మాట్లాడతా ఉంటే మనోళ్లేనని ఈడ కూర్చోబెట్టినా. ఇల్లు యాడంటే ఏదో ఊరి పేరు చెప్తా ఉండాది” అంది ఆవిడ.

అమ్మ నన్ను చూసి, “ఒక్కరన్నా పలకరించలేదే! ఏమైంది మనూరోళ్లకి?” అంది.

సాయంత్రం ఊళ్లో మా పక్కింటామెకు ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

“చానా దినాలుగా అంతేలే అక్కా. దారి మర్చిపోతే ఎవురో ఒకరం చెయ్యి పట్టుకోని ఇంటికాడ దిగబెడతా ఉంటిమి. పొయ్యి ఆర్పిందో లేదో నేనొచ్చి చూసేదాన్ని. పెద్దమ్మే నీకు చెప్పొద్దనింది, మా పాప భయపడతాదని.”

కోప్పడలేకపోయాను. ఎప్పుడు ఫోను చేసినా “బాగుండాను” అనేది అమ్మ. అది అబద్ధం కాదు. అక్కడ నిజంగానే బాగుంది.

“పంపించెయ్ అక్కా, మేం చూసుకుంటాం” అందామె. ఆ తర్వాత చూపిస్తే డాక్టరేమో ఇక ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దన్నాడు. ఊరందరి మంచితనం మీద అంత బరువు ఎలా పెట్టను? ఉద్యోగం మానేసి నేనే వెళితే మేమిద్దరం ఎలా బతకాలి? ఎటు ఆలోచించినా దారి దొరకలేదు.

ఇప్పుడు పగటిపూట ఒక ఆయా వస్తోంది. అమ్మ చేతికి అందకుండా తలుపు పైభాగాన గడియ పెట్టించాను. మొన్న ఆ గడియ వంకే చూస్తూ, “ఎవురిల్లు ఇది? మనం ఎప్పుడు పోదాం?” అని అడిగింది.

“రేపు పోదామమ్మా” అన్నాను.

సరేనని తల ఊపి, చీరలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది.