తీర్థపు బిందె

కాపురానికి వెళ్తూ పుట్టింటి నుంచి నేను తీసుకుపోయిన వాటిలో రెండు పట్టుచీరలు, కొంత ఇత్తడి సామాను, ఒక చేప ఉన్నాయి. చీరల గురించి, సామాను గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకున్నాను. చేప సంగతి చెప్పాలంటే ఈ వయసులో కూడా నాకు ముఖం చెల్లదు.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాలేదు. హిందూపురంలో మా పెరట్లో ఒక రాతితొట్టి ఉండేది. ఒక వానాకాలం చెరువు నీళ్లతో పాటు ఎట్లా వచ్చిందో ఒక చేపపిల్ల వచ్చి అందులో చేరింది. నీళ్లలో పురుగు పడకుండా చూస్తుందని అవ్వ దాన్ని ఉండనిచ్చింది. సంగటి మెతుకు వేలికి అంటించుకుని నీళ్లలో పెడితే అది పైకి వచ్చి తినిపోయేది. నా వేలు తప్ప ఇంకెవరి వేలు పెట్టినా వచ్చేది కాదు. అది బెత్తెడు పొడుగు ఎదిగేసరికి నాకు పెళ్లయింది.

"నువ్వు అట్ల బండెక్కుతానే మీ వదిన ఇట్ల దీన్ని పులుసు పెడతాది, సూడు" అంది అవ్వ. ఎగతాళికే అంది గానీ అది జరిగే పనే. మాది చేపలు తినే ఇల్లు. నేనూ ఇష్టంగా తినేదాన్నే. ఈ ఒక్క చేప మాత్రం నాకు తిండిగా కనిపించేది కాదు.

చిక్కంతా అత్తవారింటితో వచ్చింది. ధర్మవరంలో వాళ్లూ మా వాళ్లే, మగ్గాలవాళ్లే. కాకపోతే ఎప్పుడో ఒక గురువు దగ్గర ఉపదేశం తీసుకుని నీచు మానేసిన ఇల్లు. సంబంధం మాట్లాడేటప్పుడు మా నాయన, "మేమూ అంతగా ముట్టంలెండి" అన్నాడు. తలుపు చాటునున్న అవ్వ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అట్లాంటి ఇంటికి నేను చేపను వెంటబెట్టుకుని పోవాలి!

ఎట్లా తీసుకుపోవాలో అవ్వ నేర్పింది. పాత మట్టికుండ అయితే నీళ్లు చల్లగా ఉంటాయి. తొట్టిలో నీళ్లే పొయ్యాలి, రవ్వంత పాచి కూడా వెయ్యాలి. మూతికి పలచటి గుడ్డ వదులుగా కట్టాలి. బండి నిలబడినప్పుడల్లా గుడ్డ తీసి గాలి తగలనియ్యాలి. "రాగిలో మాత్రం పొయ్యొద్దుమ్మే, దానికి పడదు" అని మరీ మరీ చెప్పింది. నేను అన్నిటికీ తల ఊపాను.

నన్ను తీసుకుపోవడానికి మా ఆయనతో పాటు ఆయన మేనత్త వచ్చింది. ఆమెను నేను పెద్దత్త అనేదాన్ని. చిన్నతనంలోనే భర్త పోతే తమ్ముడింట, అంటే మా మామగారింట, ఉండిపోయిన మనిషి. ఉతికిన తెల్లచీర, ఒంటి మీద నలుసంత మురికి లేదు. దారిలో పరాయి నీళ్లు తాగదట. తన నీళ్లు తన చెంబులో తెచ్చుకుంది. ఆమె పక్కన ఆ మసికుండ, ఆ పాచి పట్టుకుని నిలబడాలని తలుచుకుంటేనే నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ చూడకుండా పెరట్లోకి పోయి, చింతపండుతో తోమి తళతళలాడుతున్న చిన్న రాగిబిందెలోకి చేపను మార్చేశాను.

స్టేషన్లో మా ఆయన మగవాళ్ల పెట్టెలోకి ఎక్కాడు. మేమిద్దరం ఆడవాళ్ల పెట్టెలో కూర్చున్నాం. బండి కదలగానే పెద్దత్త అడిగింది. "ఏముండాదే ఆ బిందెలో, అంత జాగర్తగా పట్టుకున్నావు?"

"తీర్థం" అన్నాను. "లేపాక్షిది."

ఎందుకన్నానో నాకే తెలియదు. రాగిబిందె చూస్తే నోటికి అదే వచ్చింది. పెద్దత్త మొహం విప్పారింది. "మంచి పని చేసినావు బిడ్డా. అట్ల కింద పెట్టకూడదు, ఇట్ల ఇయ్యి" అని బిందెను ఒళ్లోకి తీసుకుంది. బొగ్గునుసి పడుతుందని తన సంచిలోని మడిగుడ్డను రెండు మడతలు పెట్టి, బిందె మూతికి బిగించి ముడేసింది. గాలి దూరే సందు లేదు. మర్యాద ఎక్కువైపోయి నా చేపకు ఊపిరాడని పరిస్థితి వచ్చింది.

లోపల ఒకసారి ఠంగుమంది. "బండి కుదుపు" అన్నాను, అడగకుండానే. ఆమె అవునంది. కాసేపటికి మళ్లీ ఠంగుమంది. ఆ తరువాత చప్పుడు లేదు. గుడ్డ విప్పమంటే ఎందుకని అడుగుతుంది, విప్పకపోతే అది చస్తుంది. కుడితిలో పడ్డ ఎలుక లాగా కొట్టుకుంటూ కిటికీలోంచి గుట్టలు చూస్తూ కూర్చున్నాను. చేప కంటే నా పరువే నాకు బరువుగా ఉండింది. ఆ మాట ఒప్పుకోక తప్పదు.

పెనుకొండలో ఒకామె ఎక్కింది. చంకలో జ్వరంతో వాడిపోయిన పిల్లవాడు. మా ఎదురుగా కూర్చుని, బిందెను అంత భక్తిగా పట్టుకుని ఉన్న పెద్దత్తను చూసి, "ఏందమ్మా అది?" అని అడిగింది. పెద్దత్త చెప్పింది. ఆమె వెంటనే చెయ్యి చాచింది.

"మూడునాళ్లుగా జొరం తల్లీ. ఒక్క చుక్క బిడ్డోని నోట్లో పొయ్యండి. పున్నెముంటాది."

తీర్థం అడిగితే లేదనకూడదు. పెద్దత్త ముడి విప్పడం మొదలుపెట్టింది. ఒకవేళ కొంచెమే వంచితే చేప కనపడదేమో, పైపైన నాలుగు చుక్కలు పోస్తే గండం గడిచిపోతుందేమో అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. జ్వరం పిల్లవాడి నోట్లో చేపనీళ్లు పడినా సరే, నా గుట్టు దాగితే చాలని ఊరుకున్నాను.

పెద్దత్త గుడ్డ పక్కకు తీయకుండానే బిందెను నా చేతికిచ్చింది. "నువ్వే పొయ్యి బిడ్డా. పుట్టింటి నుంచి తెచ్చినదానివి, నీ చేతనే పడనీ."

పిల్లవాడు నోరు తెరిచాడు. "వద్దు, ఇందులో చేప ఉండాది" అన్నాను.

మూలనుంచి ఎవరో, "కొత్తకోడలు కూర గూడా ఎత్తుకొని పోతాండాదే!" అంది. అందరూ గొల్లుమన్నారు. ఆ తల్లి మాత్రం నవ్వలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, అందులో నీటిచుక్క పడకపోయినా కొంగుకు తుడుచుకుంది. ఆ నవ్వులన్నీ మరిచిపోయాను గానీ ఆమె చెయ్యి తుడుచుకోవడం మరిచిపోలేకపోయాను.

పెద్దత్త గుడ్డ తీసి లోపలికి చూసింది. చేప ఒక పక్కకు వాలి ఉంది. నోరు మాత్రం తెరుస్తూ మూస్తూ ఉంది.

"మీ ఇంట తింటారా?" అంది మెల్లగా.

"తింటాం."

"దీన్నీ తినేటందుకేనా?"

"కాదు. దీన్ని సాకినాను." అంతే, ఏడుపు తన్నుకొచ్చింది.

"సాకినదాన్ని సంపుకుంటారా ఎవురన్నా? పట్టుకో గట్టిగా" అని పెద్దత్త బిందెలో నీళ్లు సగం కిటికీలోంచి పారబోయించి, తన చెంబెత్తి తాగేనీళ్లను పైనుంచి సన్నటి ధారగా అందులో పోసింది. చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది. మధ్యాహ్నపు ఎండ. పెదవులు ఎండిపోతున్నా ధర్మవరం వచ్చేదాకా ఆమె ఇంకెవరి నీళ్లూ ముట్టలేదు. చేప మెల్లగా నిటారుగా నిలబడింది. అది బతికిందని సంతోషపడాలో, ఎదురుగా మూసుకుపోతున్న ఆ పిల్లవాడి కళ్లను చూసి సిగ్గుతో చావాలో తెలియలేదు.

గడపలో దిష్టి తీసి, మా అత్త మొదట అడిగింది బిందె గురించే. "అదేముండాది కోడలా?"

బండిలో చెప్పినట్టే ఇక్కడా నిజం చెప్పేసి ఉండవచ్చు. కాపురం మొదటి రోజే, గడపలోనే, చేపను తెచ్చిన కోడలిననిపించుకోవాలా అని ఆగాను. నేను ఆగిన ఆ కాసేపట్లో పెద్దత్త నా చేతిలోంచి బిందె అందుకుంది.

"తీర్థం, లేపాక్షిది" అంది. "బాయిలో కలుపుతా. ఇంటిల్లిపాదికీ దక్కుతాది."

పెరట్లోకి పోయి, బావిలోకి వంగి, చేదతాడు కట్టి బిందెను దించి, నీళ్లలో మెల్లగా వంచింది. నేను వెనకే నిలబడి చూశాను. తిరిగి వస్తూ నా వైపు చూడలేదు.

కొన్ని నెలలకు ఆ చేప చేదలో పడి పైకొచ్చింది. మా అత్త మురిసిపోయింది. "తీర్థం కలిసిన బాయి, ఊరికే పోతుందా!" అని ఇరుగుపొరుగును పిలిచి చూపించి, మళ్లీ బావిలోనే వదిలింది. పెద్దత్త, "కావచ్చులే" అని లేచి పట్టు చుట్టే రాట్నం దగ్గరికి పోయింది.

ఆమె అబద్ధమాడగా ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదట. ఆ తరువాతా వినలేదు.

సోమవారం సోమవారం ఆమె నన్ను గుడికి తీసుకుపోయేది. హారతి అయ్యాక అయ్యవారు తీర్థం తెస్తే, పెద్దత్త రెండు చేతులూ జోడించి ఒక అడుగు వెనక్కి జరిగేది. చెయ్యి చాచేది కాదు. మొదట్లో ఆయన కొంచెంసేపు ఆగేవాడు. తరువాత అలవాటై ఆమెను దాటుకుని నా దగ్గరికి వచ్చేవాడు. ఎందుకు తీసుకోవడం లేదని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను అడగలేకపోయాను. అడిగితే ఆ బిందె మాటే చెబుతుందని నాకు తెలుసు.

ఆమె పోయేదాకా అంతే. ఆమె వెనక్కి జరిగిన ప్రతిసారీ ఆమె పక్కనే నిలబడి నేను కుడిచెయ్యి చాచాను. తీర్థం పుచ్చుకున్నాను. మిగిలిన తడిని తలకు రాసుకున్నాను.