రుక్మక్క కట్టించిన గదులు

తడిపిన గోనెసంచి కింద నుంచి వచ్చే కొత్తిమీర వాసన తగిలితే చాలు, రుక్మక్క నా పక్కనే నడుస్తున్నట్టు ఉంటుంది. మొన్న పొద్దున్నే కూరగాయల మార్కెట్‌కు వెళ్లాను. మేయర్ వస్తోందని ముందురోజే ఊడ్చి, దారి పొడవునా సున్నం చల్లారు. కమిషనర్ గారు అక్కడ కట్టబోయే కొత్త మార్కెట్ భవనం నమూనా చూపిస్తూ లిఫ్టు గురించీ, కింద వాహనాలు నిలిపే చోటు గురించీ చెబుతున్నారు. చుట్టుపక్కల ఊళ్లు కలిసి నగరం పెరిగాక ఇవన్నీ కావలసినవే. నేను వింటున్నాను. ఇంతలో పక్కన కూర్చున్న ఒకామె సంచి ఎత్తి ఆకుకూరల మీద నీళ్లు చిలకరించింది. ఆ వాసనతో నా మనసు నమూనా మీద నిలవలేదు.

రుక్మక్క నాకు పరిచయమైన నాటికి మాది నగరం కాదు, మున్సిపాలిటీ. ఆ ఎన్నికల్లో చైర్‌పర్సన్ పదవి మహిళలకు కేటాయించారు. బట్టల దుకాణం నడిపే ఒక వ్యాపారి భార్య రుక్మాబాయి గెలిచి ఆ కుర్చీలో కూర్చుంది. పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు, మహారాష్ట్ర సరిహద్దులో ఒక ఊరు. ఆడవాళ్లందరినీ 'బాయి' అని పిలిచేది. ఊళ్లో అందరికీ ఆమె రుక్మక్క. చెప్పిన చోట సంతకం పెడుతుందిలే అనుకునే పెద్దలు ఆమెను ఎన్నుకున్నారని తర్వాత తెలిసింది. నేనూ అలాగే వచ్చినదాన్ని. మా వార్డు మహిళలకు వచ్చింది కాబట్టి మా ఆయన సుధాకర్ నా చేత నామినేషన్ వేయించాడు. ఆయనది గ్రానైట్ వ్యాపారం. నాకు పెళ్లయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు.

మొదటి సమావేశానికి ఇద్దరం కలిసే వెళ్లాం. నా పేరు రాసి ఉన్న కుర్చీలో సుధాకర్ కూర్చున్నాడు. నేను వెనక గోడవారన, నాలాంటి మరో ఇద్దరు ఆడవాళ్ల పక్కన కూర్చున్నాను. అందులో వింతేమీ నాకు కనిపించలేదు. రుక్మక్క లోపలికి వచ్చి, ఎజెండా చదవబోతున్న అధికారిని చేత్తో ఆపి, మా ఆయన్ని ఏ వార్డు నుంచి గెలిచావని అడిగింది. ఆయన నవ్వుతూ జవాబిచ్చాడు.

"మా ఇంటామె గెల్సింది మేడమ్. ఆమెకు గివన్నీ తెల్వయి."

"తెల్వకపోతె నేర్చుకుంటది. నువ్వే కూసుంటె ఆమె ఎన్నడు నేర్చుకోవాలె? మా ఇంటాయన్ని సుత గేటుకాడనే ఆపిన బాబూ. పోయి ఆయన తోటి చాయ తాగు."

హాల్లో నవ్వులు వినిపించాయి. ఆమె మాత్రం నవ్వలేదు. భర్తలందరూ బయటికి వెళ్లేదాకా ఎజెండా తెరవనివ్వలేదు. నా కుర్చీలో కూర్చున్నప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా సమావేశం ముగిసేలోగా మా వార్డులో వెలగని వీధిదీపాల గురించి అడిగాను. అధికారి రాసుకున్నాడు. నేను అన్న మాటను ఒకరు రాసుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. ఇంటికి వెళ్లాక సుధాకర్ నేను వడ్డించేదాకా ఆగకుండా తనే పెట్టుకుని తిని పడుకున్నాడు. నాకు భయం వేయకపోలేదు. కానీ మళ్లీ సమావేశం ఎప్పుడా అని ఎదురు చూశాను.

రుక్మక్కకు ఒక అలవాటు ఉండేది. ఏ పని తలపెట్టినా ముందు ఆ చోటికి వెళ్లి కూర్చునేది. చూసి రావడం కాదు, కూర్చోవడమే. ఒక ఎండాకాలం నన్ను వెంటబెట్టుకుని కూరగాయల మార్కెట్‌కు వెళ్లి, పల్లెల నుంచి తెల్లవారుజామునే బస్సుల్లో వచ్చి అమ్ముకునే ఆడవాళ్ల మధ్య చతికిలబడింది. ఎండ నెత్తికెక్కింది. మా సీసాలోని నీళ్లు పక్కన కూరలమ్ముతున్న మల్లవ్వ అనే ఆమెకు ఇస్తే వద్దంది. దాహం కావట్లేదా అని అడిగాను.

"దూపెందుకు కాదు బిడ్డా? తాగితె యాడికి పోవాలె? మొగోళ్లు గోడ చాటుకు పోతరు. మేము పొద్దుందాక గిట్లనే ఉగ్గవట్టుకుంటం."

మరుసటి సమావేశంలో రుక్మక్క మార్కెట్ మూలన ఉన్న మున్సిపల్ స్థలంలో ఆడవాళ్లకు మరుగుదొడ్లు, పక్కనే చంటిపిల్లలకు పాలిచ్చే గది కట్టాలని తీర్మానం పెట్టింది. నాలుగు దారులు కలిసే స్థలమది. అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ వస్తుందని ఎందరో ఆశ పెట్టుకున్నారు. అందులో ఒక షాపు ఇస్తామని మా ఆయనకు కూడా మాట ఇచ్చారు. అంత విలువైన జాగాలో దొడ్లు కడతారా అని సభ్యులు మండిపడ్డారు. ఊరవతల కట్టమన్నారు. ఊరవతలికి పోయి వచ్చేలోగా వాళ్ల కూరగాయలు ఎవరు చూస్తారని ఆమె అడిగింది. తీర్మానం అతి కష్టం మీద నెగ్గింది. పునాదులు తవ్వగానే ఆమె మీద అవిశ్వాసానికి సంతకాలు మొదలయ్యాయి.

అవిశ్వాసానికి ముందు సభ్యులు మనసు మార్చుకోకుండా ఎక్కడికో తీసుకెళ్లి ఉంచడాన్ని మా దగ్గర క్యాంపు అంటారు. మా ఇంటి ముందుకూ బండి వచ్చింది. సుధాకర్ నా బట్టలు సర్ది ఉంచాడు. ఆ వారమంతా రుక్మక్క నాకు కనీసం ఫోన్ కూడా చేయలేదు. ఓటు అడిగి ఉంటే నాకు సులువయ్యేది, ఆమె కోసం చేశానని చెప్పుకునేదాన్ని. అడగలేదు కాబట్టి నేనే తేల్చుకోవలసి వచ్చింది. గడపలో నిలబడి, నేను రానని మా ఆయనతో చెప్పాను.

"నా షాపు సంగతేంది మరి?" అన్నాడు.

"నీ షాపు యాడన్న పెట్టుకోవచ్చు. వాళ్లు యాడికి పోవాలె?"

అది మల్లవ్వ మాటేనని అన్న తర్వాత తెలిసింది. బండి నేను లేకుండానే వెళ్లిపోయింది.

ఓటింగ్ రోజు చేతులెత్తమన్నప్పుడు నేను ఎత్తలేదు. నాతోపాటు గోడవారన కూర్చున్న ఆ ఇద్దరూ ఎత్తలేదు. అయినా అవిశ్వాసం నెగ్గింది, రుక్మక్క పదవి పోయింది. ఆమె లేచి, కొంగు సర్దుకుని, సభ్యుల వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలోకి వచ్చి కూర్చుంది. తర్వాతి అంశం చదవమని అధికారికి గుర్తు చేసింది.

కొత్త చైర్‌పర్సన్ ఆ పనిని రద్దు చేయలేదు, ఆపేసింది. సిమెంటు రాలేదు, మేస్త్రీలు రాలేదు. రుక్మక్క ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ఆ పునాదుల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. నినాదాల్లేవు, టెంటు లేదు. ఎవరైనా పలకరిస్తే పని ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుందామని వచ్చానని చెప్పేది. కొన్నాళ్లకు కూరగాయలమ్మే ఆడవాళ్లు తమ గంపలు తెచ్చి ఆమె చుట్టూ పెట్టుకున్నారు. మార్కెట్ మొత్తం ఆ మూలకు జరిగినట్టయింది. కొనేవాళ్లు కూడా అడగడం మొదలుపెట్టారు. వానాకాలం రాకముందే స్లాబు పడింది. ప్రారంభోత్సవానికి ఆమెను పిలవలేదు. ఆమె మామూలు మనిషిలా వచ్చి, కుళాయిలు తిప్పి చూసి వెళ్లింది.

పదవి పోయినందుకు బాధ లేదా అని తర్వాతెప్పుడో కొండగట్టు గుడికి వెళ్తూ బస్సులో అడిగాను.

"ఎందుకు లేదు బాయి? మస్తు ఏడ్సిన. బాధయితున్నదని పని ఇడిసిపెడ్తమా?" అని కిటికీ వైపు తిరిగింది.

తర్వాత ఆమె మళ్లీ పోటీ చేయలేదు. నేను చేశాను, ఓడాను, మళ్లీ గెలిచాను. సుధాకర్ మా వార్డులోనే షాపు పెట్టుకున్నాడు. ఇప్పుడు నా సమావేశాలకు నన్ను గేటు దగ్గర దింపి వెళ్లిపోతాడు. నేను మేయర్ కాకముందే రుక్మక్క పోయింది.

మొన్నటి నమూనాలో ఆడవాళ్ల మరుగుదొడ్లు అన్నిటికన్నా పై అంతస్తులో, వెనక మూలన ఉన్నాయి. రుక్మక్క కట్టించిన గదులు కూల్చి ఆ స్థలంలో షాపులు వస్తాయి. కింది అంతస్తు ముందు భాగానికే ఆదాయం ఎక్కువని కమిషనర్ గారు మర్యాదగానే వివరించారు. మరుగుదొడ్లు కిందికి రావాలనీ, కొత్తవి తెరిచేదాకా పాతవాటి మీద చెయ్యి వేయవద్దనీ చెప్పాను. ఆ సాయంత్రానికే కొందరు సభ్యులు గుసగుసలు మొదలుపెట్టారని తెలిసింది. మొదలుపెట్టనీ. బండ్లు వస్తే రానీ. కుర్చీ పోయినా ఎలా పని చేయాలో నేర్చుకున్న తర్వాతే నేను ఈ కుర్చీలోకి వచ్చాను.

రేపు కొత్తగా నగరంలో కలిసిన ఒక ఊరికి వెళ్తున్నాను. అక్కడ బీడీలు చుట్టే ఆడవాళ్లు పొద్దంతా రేకుల షెడ్డులో కూర్చుంటారట. వాళ్లకు ఏం కట్టాలో ఇంకా ఎవరూ నమూనా గీయలేదు. గీయవద్దని నేనే చెప్పాను. ముందు పోయి వాళ్ల మధ్య కూర్చోవాలి.