నా మూతి చదివే పాప

మా పాపకు ఒకటో తరగతిలో అక్షరాలన్నీ వచ్చేశాయి. అచ్చులు అచ్చం అచ్చేసినట్టే రాస్తుంది. గుణింతాలు ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతుంది. ఆ గర్వంతో నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళాను. పిల్లల బెంచీ మీద కూర్చోబెట్టారు. మోకాళ్ళు గడ్డానికి తగిలేసరికే గర్వం సగం దిగిపోయింది. మిగతా సగం మేడం దించారు.

"పాపకు అక్షరాలన్నీ వచ్చు సార్. చదవడమే రాదు."

"అదెట్ల మేడం?"

ఆవిడ వాచకం తెరిచి పాప ముందు పెట్టారు. పాప "ప... ల..." అని ఆగి, తలెత్తి నా ముఖం వంక చూసింది. నా పెదాలు నన్నడక్కుండానే "క" కోసం విచ్చుకున్నాయి. "పలక!" అంది పాప. నేను చప్పట్లు కొట్టబోయాను.

"చూసినారా? పుస్తకం చూడకుండా మీ మూతి చూస్తాంది. మీ మూతిని మాత్రం బలే చదువుతాది సార్!"

తప్పు నాది కాదు, నా ఉద్యోగానిది. నేను జూనియర్ కాలేజీ లెక్చరర్ని. ప్రశ్న నేనే వేసి, పిల్లలు నోరు తెరిచేలోగా జవాబూ నేనే చెప్పి, "అర్థమైందా?" అని అడిగి, "అయింది సార్" అని కూడా నేనే అనేస్తాను. నోరు మూసుకున్నందుకు నాకెవరూ జీతమివ్వరు.

"అక్షరాలు కలిపి మాట చేసుకునేది ఈ సంవత్సరమే సార్," అన్నారు మేడం. "ఆ కలిపే పని పాపే చేయాల. బజార్లో, బస్సులో, యాడ బోర్డు కనపడితే ఆడ చదివించండి. పక్కనే ఉండండి, నోరు మాత్రం ఎత్తొద్దండి."

"ఎంతసేపు మేడం?"

"పాప చదివేదాకా. ఇప్పటికే 'నాకు రాదు' అంటాంది. ఆ మాట అలవాటైతే మాన్పించేది కష్టం."

ఆ మాట నేనూ ఇంట్లో వింటూనే ఉన్నాను. కథల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసి, "నాకు రాదు, నువ్వే చదువు నాయనా" అనేది. నేను దాన్ని ముద్దు అనుకున్నాను. అది చేతులెత్తేయడమని మేడం చెప్పేదాకా తట్టలేదు.

ఆ సాయంత్రమే మౌనవ్రతం మొదలుపెట్టాను. బొమ్మల పుస్తకంలో "మేక" అని ఉంది. పాప బొమ్మ చూసి "పొట్టేలు" అంది. రెండే అక్షరాలున్న చోట మూడు చదివిన పిల్లను దిద్దకుండా ఉండాలంటే నాకు నోట్లో ఏదో ఒకటి అడ్డం ఉండాలి. ఉడకబెట్టిన శనక్కాయలు వేసుకున్నాను. పాప నా దవడ కదలికను బట్టి చదవసాగింది. అవి మింగేసి, నోటినిండా నీళ్ళు పట్టుకుని కూర్చున్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. "ట్యాంకరొచ్చి నాలుగు దినాలాయ. ఈ ఊర్లో నోట్లో నీళ్ళు దాపెట్టుకునేది నువ్వొక్కనివే!"

నవ్వొచ్చింది. నీళ్ళన్నీ పుస్తకం మీద పడ్డాయి. మేక, పొట్టేలు రెండూ తడిసిపోయాయి.

ఆదివారం కొత్తచెరువులో మా అత్తగారింటికి పాపను తీసుకుని బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి మా బస్సుల్లో మగవాడికి నిలబడే చోటు దొరకడమే గొప్ప. ఎవరో తల్లి జరిగి చోటిస్తే పాపను ఒళ్ళో పెట్టుకుని అంచు మీద సర్దుకున్నాను. బస్సు ఒక కూడలిలో ఆగింది. కిటికీ బయట ఒక బోర్డు.

"చదువు తల్లీ," అన్నాను ధైర్యంగా.

"ఎ... రు..."

"ఎరువులు!" అంది వెనక సీటు అవ్వ. "మేమాన్నే తెచ్చేది పాపా."

తరువాతి బోర్డుకు పాప "టై..." అనీ అనకముందే, "టైలరు! రైకకు చేతులు బిగువు బెడతాడు, మంచోడు కాదు," అంది పక్కామె.

"అమ్మా, దయచేసి చెప్పొద్దండి. పాపనే చదవనియ్యమన్నారు టీచరు."

"పసిబిడ్డ అంతగనం తన్లాడతాంటే చూస్తా కూచుంటావా? నాయనవేనా నువ్వు?" అంది అవ్వ.

"తెలిసిన మాట చెప్పేదానికి ఏంపోతాదప్పా?" అన్నాడు కండక్టరు.

పాప నా చొక్కా గుండీ తిప్పుతూ, "నాకు రాదు నాయనా," అని గొణిగింది. ఇంతమందికి చప్పున వచ్చేది తనకొక్కదానికే రావడం లేదనుకుంటోంది. బస్సు నిండా నాలాంటి వాళ్ళే, అందరూ మంచివాళ్ళే. ఏం చేసేది?

అప్పుడు ముందు సీటులోంచి తెల్లతువ్వాలు భుజాన వేసుకున్న పెద్దాయన ఒకాయన వెనక్కి తిరిగి గద్దించాడు. "అందురూ గమ్మునుండండి! నోరెత్తినోళ్ళను ఈన్నే దింపేస్తా. పాపా, అవన్నీ ఇడిసిపెట్టు. ఇదో, నా తలకాయ పైన ఏమో రాసిండారే, అది చదువు. ఎవురూ చెప్పరు."

ఆయన తల పైన, కిటికీల మీది రేకు మీద, ఎర్రరంగు మాట ఒకటుంది. తరువాతి మాటలు చెరిగిపోయాయి.

పాప అలవాటుగా నా ముఖం చూసింది. నేను గభాలున బయటి గాలిమరల వైపు తిరిగాను. అవ్వ వైపు చూసింది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కామె రెండు చేతులతో మూతి మూసుకుంది. కండక్టరు విజిల్ను పళ్ళ మధ్య కరుచుకున్నాడు. చదువుకోవడానికి ఆ బస్సులో ఒక్క మూతీ మిగల్లేదు. గత్యంతరం లేక పాప అక్షరాల వైపు చూసింది.

"మ... హి..."

పెద్దాయన ప్రోత్సాహంగా తలూపాడు.

"ళ... ల... కు." ఆగింది. పెదాలు కదిలించుకుంటూ మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఈసారి పెదాలు తనవే. "మహి... మహిళ... మహిళలకు!"

బస్సు విరిగిపడుతుందేమో అన్నంత చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది పెద్దాయనే.

"మహిళలంటే ఎవరు నాయనా?"

"మేమే!" అని ఇంతసేపూ నోళ్ళు కట్టుకున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి అరిచారు.

పాప ఆ మాటను మరోసారి చూసింది. దాని కింద కూర్చున్న ఆయన్ను, ఆయన మీసాలను తేరిపార చూసింది.

"తాతా, నువ్వు మహిళవా?"

కండక్టరు నోట్లోని విజిల్ కూతేసింది. బస్సు ఆపమన్నారనుకుని డ్రైవరు బ్రేకు వేశాడు. నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి, పడ్డచోటే నవ్వసాగారు. పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. గంప పట్టుకుని అంతదాకా నిలబడే ఉన్న ఒకామె దర్జాగా ఆ సీట్లో కూర్చుంది.

"బాగ చదివినావు తల్లీ," అన్నాడాయన కమ్మీ పట్టుకుని వేలాడుతూ. "ఇంగ చాలు. ఇంకొక బోర్డు చదివితే డ్రైవరు గూడా లెయ్యాల్సొస్తాది."

పాప వినిపించుకోలేదు. అప్పటికే డ్రైవరు వెనకనున్న బోర్డు మొదలుపెట్టింది.