మణెమ్మ పెట్టని సంతకం

మనిషి కంటికి ఆనని లేజర్ వెలుగు నానక్‌రామ్‌గూడ మణెమ్మకు మాత్రం పట్టపగలే కనిపిస్తుంది. నమ్మనివాళ్ళు నమ్మకపోతే పోయారు, ఆమెకు ఒరిగేదేమీ లేదు.

1998 ఎండాకాలంలో ఆమె హఫీజ్‌పేట్ దగ్గర ఓ చిన్న కంపెనీలో పనిచేసేది. ఫైబర్ తీగలోకి వెలుగు పంపే అగ్గిపెట్టెంత మాడ్యూల్‌లో సన్నని స్క్రూ తిప్పి, లేజర్‌కు అందే కరెంటును సరిచేయడం ఆమె పని. మీటరులో వెలుగు సరిపోయిందంటేనే కార్డు మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే సరుకు గడప దాటదు.

ఆ రోజు మాడ్యూళ్ళను వేడిచేసి చూసే పెట్టె పాడైంది. బయట వ్యాను ఎదురుచూస్తోంది. కొత్త సూపర్‌వైజర్ సీతారామాంజనేయులు కార్డులు ఆమె ముందుకు తోశాడు.

"ఏసీ గదిలో చూశావుగా, చాలు. సంతకం పెట్టమ్మా."

"వేడెక్కితే వెలుగు పడిపోతది సార్. నేను పెట్ట."

"అయితే రేపట్నుంచి రావద్దు."

"రాకుంటే మానె. ఇయ్యాలైతే కార్డు మీద నా పేరే ఉన్నది."

మణెమ్మ కరెంటు వైరు బయటికి లాగి, ఎండలో కాగుతున్న ఆయన స్కూటర్ సీటు మీదే మాడ్యూల్ పెట్టి, పక్కన మీటరు నిలిపింది. అరగంటలో వెలుగు సగానికి పడిపోయింది. ఆయన వ్యానును వెనక్కి పంపాడు.

ఆమె కళ్ళతోనే వెలుగును కొలిచిందన్న పుకారు చందానగర్ దాకా పాకింది. ఎవరైనా అడిగితే మణెమ్మ మాట ఒక్కటే:

"నాకేం కనవడలే. మీటర్ల తక్కువున్నది, సంతకం పెట్టలే."