మెడ పట్టేసిన భవిష్యత్తు

ఆ రోజుల్లో భవిష్యత్తు అనేది ఓడ మీద వస్తుందని మా విశాఖపట్నం వాళ్ళకి గట్టి నమ్మకం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఉక్కు కర్మాగారం కట్టడానికి కావలసిన సామాన్లు, ఏ దేశం నుంచి వచ్చాయో, దేనికి బిగిస్తారో మాకెవరికీ అర్థం కాని ఇనప భూతాలు, అన్నీ హార్బరులో ఓడల మీంచే దిగేవి. అందుకని మా ఆఫీసు మొదటి కంప్యూటరు మద్రాసు నుంచి లారీలో, ఉల్లిపాయల బస్తాల పక్కన ప్రయాణం చేసి వచ్చిందని తెలిసినప్పుడు మాలో చాలామందికి దాని మీద గౌరవం ఒక మెట్టు తగ్గింది. (పెట్టె విప్పాక గది నిండా ఉల్లి వాసన వేసింది. కొత్త యంత్రాల వాసనే అలా ఉంటుంది కాబోలని నేను చాలాకాలం అనుకున్నాను.)

నేను బీయస్సీ లెక్కలు పాసై, ఎనభైల నడుమ, పోర్టు దగ్గర ఒక ఓడల ఏజెన్సీలో టాలీ గుమాస్తాగా చేరాను. టాలీ గుమాస్తా అంటే, ఓడలోంచి దిగే బస్తాలని జెట్టీ మీద ఎండలో నిలబడి లెక్కపెట్టేవాడు. దీనికి బీయస్సీ దాకా చదవాలా అని మీరు అడగొచ్చు. మా నాన్న కూడా అడిగారు. పక్క బెర్తులో ఆగిన ఓడకి ఇనప ఖనిజం ఎత్తుతుంటే ఆ ధూళి వచ్చి నా మీద తీరిగ్గా కూర్చునేది. సాయంత్రం గాజువాక బస్సెక్కితే తెల్లచొక్కాల వాళ్ళు మర్యాదగా పక్కకి జరిగేవారు, అంచేత సీటుకి మాత్రం ఎప్పుడూ లోటుండేది కాదు. కంప్యూటరు రాగానే "వీడు లెక్కలు చదివాడు కదా" అన్న ఒక్క కారణంతో నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. ఆ గదిలో ఏసీ ఉంది. ఏసీ మనిషి కోసం కాదు, యంత్రం కోసమే, కానీ చల్లగాలికి ఆ తేడా తెలీదు. చెప్పులు బయట విప్పి ఆ గదిలో అడుగుపెట్టిన మొదటిరోజే నాకు స్పష్టమైంది, ఇక జన్మలో జెట్టీ మీదకి వెళ్ళకూడదని.

మా మేనేజరు గారిని చాటున ఎల్లుండి గారు అనేవాళ్ళం. ఏ పని అడిగినా "ఎల్లుండి చూద్దాం" అనేవారు. అలాంటాయన కంప్యూటరు విషయంలో మాత్రం ఆ రోజే రంగంలోకి దిగారు. అంతకు కొన్నాళ్ళ ముందే వాళ్ళింట్లో టీవీ కొన్నారు, దానికి షట్టరు తలుపుల పెట్టె చేయించారు. మా మానిటరు చూడటానికి టీవీకి తమ్ముడిలాగే ఉంది. ఇంకేం, వడ్రంగిని పిలిపించి, గోడకి ఎత్తుగా బల్ల కొట్టించి, దాని మీద షట్టరు పెట్టె పెట్టించి, మానిటరుని అందులో దోపించారు. బయటికి కనిపించేది అద్దం ఒక్కటే. కింద మేజా మీద మీటల పలక, మేజా ముందు నేను. "అంత ఖరీదైన వస్తువుని కాళ్ళ దగ్గర పెడతామా? పైనుంటే నలుగురూ చూస్తారు, చెయ్యి పెట్టరు," అన్నారాయన. రెండూ నిజమే. నలుగురూ గుమ్మంలోంచి చూసేవారు. ఆదివారం సినిమా ఇందులో వస్తుందా అని కొందరు గుసగుసగా అడిగేవారు. నేను మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, విమానం పోతుంటే చూసే పల్లెటూరి వాడిలా, గడ్డం ఎత్తి ఆకుపచ్చ అక్షరాలు చదివేవాణ్ణి. నెల తిరక్కుండా మెడ ఒక ప్రత్యేక వ్యక్తిగా తయారై, నాతో సంబంధం లేకుండా నొప్పి పుట్టడం మొదలుపెట్టింది. ఎల్లుండి గారితో చెబితే ఏమన్నారో మీరూహించగలరు.

దసరా ముందు పిడుగులాంటి వార్త వచ్చింది. మద్రాసు నుంచి మా యజమాని (మేం అయ్యగారనేవాళ్ళం) ఆయుధపూజ నాటికి వస్తున్నారు. ఈ కంప్యూటరు ఇక్కడ ఉపయోగపడుతోందా, లేక మద్రాసు ఆఫీసుకి పట్టుకుపోవాలా, ఆ పూటే తేలుస్తారు. యంత్రం పోతే ఏసీ ఉండదు. ఏసీ లేకపోతే ఆ గది స్టోరు. స్టోరులో బీయస్సీ లెక్కల వాడికి పనేముంది? జెట్టీయే గతి. ఎల్లుండి గారు నన్ను పిలిచి, "దీనికి మంచి భవిష్యత్తుందని అయ్యగారికి అనిపించాలోయ్. ముందుముందు మానిటర్లు ఎలా ఉంటాయో ఒక పది నిమిషాలు మాట్లాడు. చదువుకున్నవాడివి," అన్నారు. వెనకటి మానిటరే చూడనివాడు ముందు రాబోయే మానిటరు గురించి చెప్పాలి. అయినా జెట్టీ కళ్ళ ముందుంటే మనిషికి ఊహాశక్తి దానంతటదే వస్తుంది.

ఆ పదిరోజులూ నేను తీవ్రంగా ఆలోచించాను. ఒక సాయంత్రం జాలరిపేట వైపు నడుచుకుంటూ వెళితే, ఒడ్డున ఒకాయన వల అంచు కాలి బొటనవేలికి తగిలించుకుని తెగిన కన్నులు అల్లుతున్నాడు. తల వంచి. పక్కన ఒకామె చేప పొలుసు తీస్తోంది. తల వంచి. బస్సులో కండక్టరు చిల్లర ఏరుతున్నా, కంసాలి ముక్కుపుడక అతుకుతున్నా, మా అమ్మ సూదిలో దారం ఎక్కిస్తున్నా అంతే. సన్నపని చేసే మనిషి ఎవడూ ఆకాశం వైపు చూస్తూ చెయ్యడు. దూరం చూడాల్సినవాడే తల ఎత్తుతాడు, అదీ కాసేపే. మనిషి కన్నుకి కింది చూపు కాపురం, పై చూపు చుట్టరికం. అలాంటప్పుడు అక్షరాన్ని అటక మీద పెట్టి మనిషిని కింద కూర్చోబెట్టిన ఈ ఏర్పాటు ఎన్నాళ్ళుంటుంది? ఈ ఆలోచన వచ్చిన సాయంత్రం నా మీద నాకే గౌరవం కలిగింది. మెడ నొప్పి కూడా కాసేపు మర్చిపోయాను.

మర్నాడు భోజనాల వేళ సహోద్యోగుల దగ్గర ఈ సిద్ధాంతం పరీక్షకి పెట్టాను. మా టైపిస్టుని వయసు రీత్యా అక్కయ్యా అనేవాణ్ణి. ఆవిడ క్యారియరు గిన్నె మూసి, "ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ? బియ్యంలో రాళ్ళేరేటప్పుడు చేట ఒళ్ళో పెట్టుకుంటామా, అటకెక్కిస్తామా? నీ మానిటరు కూడా చేటంత పల్చగా వస్తుంది. ఒళ్ళో పెట్టుకుని అంకెలు ఏరుకుందువు గాని," అంది. డెస్పాచ్ సెక్షన్ లో పనిచేసే బావ (మాకు చుట్టరికమేమీ లేదు, ఉత్తరాల మీద బిళ్ళలంటించే మనిషి అందరికీ బావే) మాత్రం ఒప్పుకోలేదు. "ఏటి బావా, ఒళ్ళోనా? నిద్దరొచ్చి తూలితే కింద పడి పగిలిపోదేటి? నన్నడిగితే మంచం మీద పడుకుంటే పైనుంచి ఏలాడాల. ఒక సెయ్యి తలకింద ఎట్టుకుని, ఒక సేత్తో మీటలు నొక్కుకుంటా సూసుకోవాల. పని సేత్తన్నామో, పడుకున్నామో పైవోడికి తెలకూడదు." ఎల్లుండి గారు వరండాలోంచి ఇది విని, "మీ ఊహలన్నీ చిన్నవోయ్. ముందుముందు సినిమా తెరంత వస్తుంది, ఇంకా ఎత్తులో పెడతారు," అన్నారు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ముగ్గురూ ఎంతోకొంత నిజమే చెప్పారు. అప్పుడు మాత్రం ఒకళ్ళని చూసి ఒకళ్ళం నవ్వుకున్నాం.

ఆయుధపూజ వచ్చింది. పూజ బాధ్యత ఎప్పుడూ బావదే. తెల్లారే వచ్చి ఇనప్పెట్టెకి, తూకం మిషనుకి, అక్కయ్య టైపురైటరుకి, జీపుకి గంధం రాసి, కుంకుమ బొట్లు పెట్టుకుంటూ వచ్చాడు. నేను ఏసీ గదిలోకి వెళ్ళేసరికి మానిటరు అద్దం మీద, సరిగ్గా నడిమధ్యలో, అరచేతి వెడల్పున గంధం, దాని మధ్య రూపాయిబిళ్ళంత కుంకుమ.

"బావా, ఇదేంటి?" అన్నాను.

"మరేటి సెయ్యమంటావ్? పెట్టెలో దాని నెత్తేదో నుదురేదో తెలీనేదు. కనిపించిందల్లా అద్దమే. మధ్యన ఎట్టేసినాను."

"తుడిచెయ్. అయ్యగారు చూసే అంకెలన్నీ అక్కడే వస్తాయి."

బావ రెండడుగులు వెనక్కేశాడు. "బొట్టు తుడిచేత్తావేటి బావా! ఏటా మాటలు? పచ్చగా పదికాలాలుండాల్సిన మిషను! నాను తుడవను. నువ్వూ తుడవకు. దానంతటదే రాలాల."

అక్కయ్య వైపు చూశాను. ఆవిడ నాస్తికురాలినని చెప్పుకునేది. "నేను చేతులు కడిగేసుకున్నాను," అంది. నాకా ఆచారాల మీద పట్టింపు లేదు, ఆ మాట ఎవరడిగినా చెబుతాను. కానీ ఆ రోజు మాత్రం నా చెయ్యి కూడా పైకి లేవలేదు.

అయ్యగారు మద్రాసు మెయిలు రైలు దిగి తిన్నగా ఆఫీసుకే వచ్చారు. మూడు పట్టెల విభూతి, పంచె, చేతిలో కళ్ళజోడు. కొబ్బరికాయ కొట్టారు, హారతి కళ్ళకద్దుకున్నారు. తర్వాత మానిటరు ముందు నిలబడ్డారు. ఓడల పేర్లన్నీ ఎడమ పక్క చక్కగా కనిపిస్తున్నాయి. ఆ నెల మొత్తం సరుకు ఎంత ఎత్తామన్న అసలు అంకె మాత్రం సరిగ్గా బొట్టు వెనక కూర్చుంది. తుడవమని ఆయనంటే తుడుద్దామని మేమందరం చూశాం. ఆయనా పూజ చేసినవాళ్ళే తుడవాలనుకున్నారేమో. ఎడమ పక్కకి వంగారు. ట్యూబులైటు అద్దంలో మెరిసింది. కుడి పక్కకి వంగారు. ఎల్లుండి గారి ముఖం మెరిసింది. చివరికి మునివేళ్ళ మీద లేచి, గడ్డం ఎంత ఎత్తగలరో అంతా ఎత్తి, బొట్టు పై అంచు మీంచి లోపలికి తొంగిచూశారు. ఆ వరసని పైకి జరిపితే సరిపోతుందని నాకు అప్పుడు తోచింది. మీట మీద వేలు పెట్టేలోపు గదిలో 'టక్' మంది.

"కంప్యూటరేనా?" అన్నారు ఎల్లుండి గారు భయంగా.

"కాదండి," అన్నాడు బావ. "అయ్యగారు."

మెడ పట్టేసింది. రాత్రంతా రైల్లో తలకింద సంచి పెట్టుకుని పడుకున్న మెడ, పాపం. కుర్చీ వేశాం. కూర్చున్నారు గాని తల మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. జీపు డాక్టరు కోసం వెళ్ళింది. అలా కూర్చున్న మనిషికి ఆ గదిలో కనిపించేవి రెండే: గోడ మీద బల్లి, మా మానిటరు. బల్లిని కాసేపు చూశారు. తర్వాత, "ఆ రెండో ఓడ కథేంటి?" అన్నారు. వరస పైకి జరిపాను. బొట్టు కిందనుంచి అంకె నెమ్మదిగా పైకి వచ్చింది. "మూడోది?" జరిపాను. పాత నెల అడిగారు, తెచ్చాను. ఏ కాగితాన్నీ రెండు నిమిషాలకు మించి చూడని మనిషని పేరు పడ్డ అయ్యగారు, ఎటూ తల తిప్పుకోలేక, ఆ పూటంతా మా ఆఫీసు లెక్కలన్నీ చూశారు. మధ్యలో ఒకటి రెండు సార్లు "భలే ఉందే" అని కూడా అన్నారు.

ఇదే సమయమని ఎల్లుండి గారు కనుసైగ చేశారు. గొంతు సవరించుకుని నా ఉపన్యాసం మొదలుపెట్టాను. ముందుముందు మానిటర్లు పలకలా పల్చబడతాయని, బరువు తగ్గుతాయని, మనిషి చూపు సహజంగా కిందికి వాలుతుంది కాబట్టి అవి కిందికి, మేజా మీదికి, ఒక రోజున ఒళ్ళోకి కూడా వస్తాయని, అప్పుడు ఎవరికీ మెడ నొప్పి ఉండదని, వల అల్లేవాణ్ణి, చేటని ఉదాహరణగా ఇస్తూ చెప్పాను. నిజం చెప్పొద్దూ, బాగానే చెప్పాను. అయ్యగారు బల్లి వైపు చూస్తూ అంతా విన్నారు.

"కిందకా?" అన్నారు.

"అవునండి."

"చేటలాగా? ఒళ్ళోకి?"

"అవునండి."

"అలాంటిదొకటి ఇప్పుడు నా ఒళ్ళో పెట్టు. నేనెలా చూడాలో చెప్పు."

 జెట్టీ, దాని మీద నేను, నా మీద ఎర్రధూళి, వరసగా కళ్ళ ముందు కనిపించాయి. "మనిషి అన్నాక చూపు పైకుండాలయ్యా," అన్నారు అయ్యగారు. "దీన్ని ఇక్కడ పెట్టించిన మనిషి బుద్ధిమంతుడు. మిషను ఎక్కడికీ పోదు. ఇక్కడే ఉంటుంది, ఇంత ఎత్తులోనే ఉంటుంది. అంగుళం దించినా ఊరుకోను. ఈ కుర్రాడు కూడా దీని ముందే ఉంటాడు." ఎల్లుండి గారు సిగ్గుపడ్డారు. ఆయన సిగ్గుపడగా చూడటం నాకదే మొదలు, ఆఖరు. డాక్టరు వచ్చి తల యథాస్థానానికి తెచ్చేసరికి అయ్యగారి నిర్ణయం గట్టిపడిపోయింది. ఉద్యోగం దక్కింది, ఏసీ దక్కింది. నా సిద్ధాంతం ఒక్కటే ఓడిపోయింది.

అయ్యగారు పోయాక కూడా ఆ మాట పోలేదు. ఆఫీసులో కొన్ని మాటలు అంతే, ఎవరన్నారో మర్చిపోయాక ఇంకా బలపడతాయి. యంత్రాలు మారాయి. ప్రతి కొత్త మానిటరూ పాతదానికంటే పల్చగా వచ్చింది, నేనన్నట్టే. వచ్చిన ప్రతిదాన్నీ అదే బల్ల ఎక్కించారు, ఆయనన్నట్టే. ఇప్పుడు బస్సెక్కితే అందరి చేతుల్లో చిన్న పలకలు, అందరి తలలూ కిందికి. వలలు అల్లుతున్నట్టే ఉంటారు. ఇదంతా నేను ముందే చెప్పానని పక్కవాడి భుజం తట్టి చెప్పాలనిపిస్తుంది. కానీ ఆ బస్సులో తల ఎత్తి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. దేన్నో చూసుకుని గర్వపడుతున్నాననుకుంటారు. మా ఆవిడైతే అన్నం వడ్డిస్తూ, "పైన ఏముందండీ, కంచం ఇక్కడుంది," అంటుంది.

రిటైరయిన రోజు ఆఫీసు ఆవరణలో చిన్న సభ పెట్టారు. నాకంటే ముందే రిటైరయిన బావ పని గట్టుకుని వచ్చాడు. మైకు పట్టుకుని, ముఖంలో ఎక్కడా నవ్వనేది లేకుండా, "మా బావ సర్వీసంతా ఏనాడూ ఎవరి ముందూ తల దించుకోనేదండి. తలెత్తుకునే పని సేసినాడు," అన్నాడు. కుర్రాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నాకూ నవ్వొచ్చింది, దానితోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఎవరూ చూడకుండా తల వంచుకుని తుడుచుకుందామనుకున్నాను. మెడ ఒప్పుకోలేదు. షామియానా వైపు చూస్తూ నిలబడ్డాను. ఒకచోట చిన్న చిరుగుంది. అందులోంచి కొంచెం ఆకాశం కనిపించింది. చాలా హుందాగా నిలబడ్డానని తర్వాత అందరూ అన్నారు.